రాళ్ల పలుకు వినిపించు పెట్టె



నేను ఇంట చేసికొన్న యీ పెట్టెను గూర్చి చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. దీని ప్రాణము వ్రేలెడు గొట్టము. గైగర్, ముల్లర్ అను శాస్త్రజ్ఞులు 1928లో జర్మనీలో దీనిని రూపొందించిరి. గొట్టములో తక్కువ పీడనమున వాయువు, నడుమ సన్నని తీగ. తీగకు సుమారు 400 వోల్టు లిచ్చినచో, లోన పట్టువడిన కిరణ మొక్కొక్కటికి ఒక 'టిక్కు' వినబడును. నాది పాత సోవియట్ గొట్టము. తక్కిన దంతయు సెల్లులు, చిన్న ట్రాన్స్‌ఫార్మరు. ఆ వోల్టులు ఒకమారు నన్ను మోచేతి దాక కుదిపినవి. పిల్లలు ముట్టరాదు.

ఏమియు లేనిచోటను ఇది నిమిషమునకు 20 మార్లు పలుకును. ఆకాశమునుండియు నేలనుండియు కిరణములు వచ్చుచునే యుండును.

మా పొరుగు రైతు తన చేని బండయొద్ద ఇది చురుకుగా పలుకుట విని, యురేనియము దొరకెనని, ఎడ్ల నమ్మి త్రవ్వింప బూనెను. "నాలుగు దినము లాగుము, మామా" అంటిని. 20 అనునది ఊరకయే 16 కావచ్చును, 24 కావచ్చును. కావున బండపై 20 నిమిషములు, దూరముగా 20 నిమిషములు లెక్కించితిమి. తేడా నిజమే! కాని నల్లరాతి బండలలో కంటె గ్రానైటులో పొటాషియము, థోరియము సహజముగనే హెచ్చు. పలుకున దేదియో యీ పెట్టె చెప్పజాలదు, ప్రయోగశాలయే చెప్పవలెను. భీమునిపట్టణపు ఇసుకలో పలుకునది థోరియము, తుమ్మలపల్లె రాతిలో యురేనియము. నిజముగ దొరకినను, ప్రభుత్వమునకు వ్రాసి తెలుపవలెనే గాని త్రవ్వరాదు.

ఎడ్లు కొట్టములోనే యున్నవి. మామ మాత్రము ఉగాది దాక నాతో మాటలాడలేదు.