చామంతికి చీకటి కూడా కావాలి

(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడర్ ప్రసంగం)

నేను పదో తరగతి దాకే చదువుకున్న. మాటల్లో తప్పులుంటే ఏమనుకోకండి.

చామంతి సాగు గురించి నన్ను చెప్పమన్నారు. ముందు నష్టం సంగతి చెప్తాను. ఎందుకంటే ఆ నష్టం నాతో పాటు మా సంఘం అక్కలందరూ మోశారు.

రెండేళ్ల కింద సంఘం నుంచి 40,000 రూపాయలు అప్పు తీసుకుని ఐదు గుంటల్లో పసుపు చామంతి పెట్టిన. జూలైలో నాటితే కార్తీకంలో పూలు అందుతాయి. శివుని గుళ్లలో పూజలు, అయ్యప్ప పడిపూజలు, అన్నిటికీ చామంతే కదా. ఆ పూల మీద ఆశతోనే వాయిదాల లెక్క వేసుకున్నాను.

మా చేనుకు అడవి పందుల బెడద ఉంది. అందుకని బోరు దగ్గర పెద్ద బల్బు పెట్టించి రాత్రంతా వెలిగించినం. కార్తీకం వచ్చింది. దూరంగా ఉన్న సాళ్లు విరగబూసినయి. బల్బు దగ్గరి సగం చేను మాత్రం ఏపుగా, పచ్చగా ఉంది కానీ ఒక్క మొగ్గ లేదు. బలం చాలలేదేమో అని ఇంకో బస్తా ఎరువు వేసిన. ఆ డబ్బులూ పోయినయి.

ఉద్యాన అధికారి వచ్చి చూసి, "ముందు ఆ బల్బు ఆర్పమ్మా" అన్నారు. పగలు తగ్గి రాత్రి పొడుగైతేనే చామంతి మొగ్గ వేస్తుందట. రాత్రి వెలుగు పడితే ఇంకా పొడుగు పగళ్లే అనుకుని ఆకే పెంచుకుంటుంది. ఆర్పినం. పూలు వచ్చేసరికి సంక్రాంతి దాటిపోయింది.

మూడు వాయిదాలు కట్టలేకపోయాను. నేనే లీడర్‌ని. పుస్తకంలో నా పేరు ఎదురుగా "బాకీ" అని నేనే రాయాలి. ముఖం చెల్లక రెండు మీటింగులకు పోలేదు. మూడో మీటింగు అక్కలే వచ్చి మా వాకిట్లో పెట్టినారు. పొదుపులోంచి సర్దినారు. ఒక అక్క మాత్రం, "నా బిడ్డ ఫీజుకు దాచుకున్న పైసలవి" అన్నది. ఆమె అన్నది న్యాయమే. అందుకే ఆమెవి మొదట తీర్చిన.

ఆ తర్వాత ఏడు కొత్త అప్పు చేయలేదు, నారు కొనలేదు. పూలు అయిపోయినాక పాత మొక్కల్ని జానెడు ఎత్తుకు కోసి ఉంచితే మొదట్లో పిలకలు వచ్చినయి. వాటి కొనలు రెండు మూడు అంగుళాలు తుంచి, నీడలో తడి ఇసుకలో గుచ్చితే మూడు వారాల్లోపే వేర్లు పట్టినయి. నీళ్లు నిలవకుండా బోదెల మీద అడుగు దూరంలో నాటిన. నాటిన నెలకు తలలు తుంచాలి. తుంచుతుంటే మా అత్తమ్మ "పెరిగే చెట్టును గిల్లుతవేందే" అని తిట్టింది. కానీ కొమ్మలు ఎక్కువ వస్తేనే పూలు ఎక్కువ. పేనుబంక కనబడితే మొదట్లోనే వేపనూనె కొట్టిన. బల్బు తీసేసి పందులకు చుట్టూ పాత చీరలు కట్టినం.

పూలు పొద్దున్నే కోయాలి. తడి ఆరనిచ్చి మూట కట్టాలి, లేకుంటే గుడిమల్కాపూర్ మార్కెట్ చేరేసరికి నల్లబడతాయి. బొకేలకు అడిగితే పొడుగు కాడతో కోసి, కింది ఆకులు తీసి, వెంటనే బకెట్ నీళ్లలో పెట్టాలి.

పోయినేడు మాఘమాసంలో బాకీ అంతా తీరింది. "బాకీ" అన్న మాట నేనే కొట్టేసి సంతకం పెట్టిన.

చేను లేని అక్కలు కుండీలో పెట్టుకోండి. కింద రంధ్రం ఉండాలి, పగలు మంచి ఎండ తగలాలి, రాత్రి వాకిలి లైటు పడొద్దు. చేనులో పెట్టేవాళ్లు మొదటి ఏడు ఒక గుంటతో మొదలుపెట్టండి. అప్పు తర్వాత ఆలోచిద్దాం.

కొనలు కావాల్సినవాళ్లు జూన్‌లో మా ఇంటికి రండి. పైసలు వద్దు, తడి గోనెసంచి తెచ్చుకోండి చాలు.