మహమ్మద్ అలీ - ఇతర కాలాల యోధులు

సౌగంధిక పుష్పం కోసం బయలుదేరిన భీమసేనుడు దారికి అడ్డంగా పడివున్న వృద్ధవానరం తోకను కదల్చలేక సిగ్గుపడిన కథ మనకందరికీ తెలిసినదే. త్రేతాయుగపు వీరుడూ, ద్వాపరయుగపు వీరుడూ ఎదురుపడి బలాబలాలు తేల్చుకొన్న సందర్భమది. హనుమంతుడు చిరంజీవి గనుక అది సాధ్యమైనది. ముష్టియోధులు చిరంజీవులు కారు. వారి మంచికాలం పట్టుమని పదేండ్లు. అందువల్లనే వేరువేరు తరాలవారిలో ఎవరు మేటి అన్న వివాదం ఎన్నటికీ తెగదు. అయినా అభిమానులు ఊరకుండరు. వారిలో నేనూ ఒకడినే.

హెవీవెయిట్ యోధులను గూర్చిన ఈ వివాదంలో తరచుగా వినవచ్చే పేర్లు మూడు. జో లూయీ 1937 నుండి 1949 వరకు ఛాంపియన్. ఆ బిరుదును 25 సార్లు నిలుపుకొన్నాడు. రాకీ మార్సియానో 49 పోటీలు చేసి, నలుబది తొమ్మిదీ గెలిచి, ఓటమి ఎరుగకుండ 1956లో విరమించినాడు. మహమ్మద్ అలీ 61 పోటీలలో 56 గెలిచి, 5 ఓడినాడు. పద్దుపుస్తకం చూచి తీర్పు చెప్పేవారికి ఇక చర్చతో పనిలేదు, మార్సియానోదే అగ్రస్థానం.

లెక్కలను నమ్మినవారు ఒకసారి ఏమి చేసినారో రేడియో శ్రోతలకు మనవి చేయవలసి ఉన్నది. 1967లో అమెరికాలోని మయామీ నగరంలో ముర్రే వొరోనర్ అనే రేడియో నిర్మాత, వెనుకటి ఛాంపియన్ల వివరాలన్నీ ఒక కంప్యూటరుకు అప్పగించినాడు. అది తేల్చిన ఫలితాలను, కళ్ళయెదుట జరుగుతున్న పోటీలవలె వ్యాఖ్యానం చేయించి ప్రసారం చేసినాడు. ఆ యంత్రం అలీని జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడించినది. ఈ జెఫ్రీస్ 1899లో ఛాంపియన్ అయినవాడు. నల్లజాతివాడైన జాక్ జాన్సన్‌కు అవకాశం ఇవ్వకుండానే విరమించి, 1910లో తిరిగి రంగంలోకి దిగి, అదే జాన్సన్ చేత చావుదెబ్బలు తిన్నవాడు. అలీకి ఒళ్ళు మండినది. పది లక్షల డాలర్లకు దావా వేసినాడు.

చివరకు రాజీ కుదిరినది. ఆ మీదట 1969లో అలీ, మార్సియానో ఇద్దరూ కెమెరా ముందు ఉత్తుత్తి పోటీ చేసినారు. అప్పటికి మార్సియానోకు 45 ఏండ్లు. ఒళ్ళు తగ్గించి, బట్టతలపై విగ్గు పెట్టుకొని వచ్చినాడు. ముగింపులు పలువిధాలుగా చిత్రించినారు. ఫలితం చూచే యోగం ఆయనకు లేకపోయినది. కొద్ది వారాలకే, ఆగస్టు 31న, విమాన ప్రమాదంలో మరణించినాడు. 1970 జనవరిలో అమెరికా ప్రేక్షకులు చూచిన చిత్రంలో 13వ రౌండులో మార్సియానో గెలిచినాడు. ఐరోపాలో చూపిన మరొక ప్రతిలో అలీ గెలిచినాడు! యంత్రానికి సైతం ఊరికొక తీర్పు ఉన్నదన్నమాట.

అట్లని రెండు తరాలవారు నిజంగా తలపడలేదా అంటే, తలపడినారు. 1951లో మార్సియానో జో లూయీని 8వ రౌండులో పడగొట్టినాడు. లూయీకి అప్పటికి 37 ఏండ్లు. 1980లో లారీ హోమ్స్ 10 రౌండ్లపాటు అలీని కొట్టగా, అలీ శిక్షకుడు ఏంజిలో డండీ పోటీని ఆపించినాడు. అలీకి 38 ఏండ్లు. ఈ రెండు పోటీలలోనూ గెలిచినది వయస్సే. వాటిని ఆధారంగా చేసికొని ఎవరినీ ఎవరికంటె అధికులనలేము.

సమకాలికుల విషయంలోనైనా లెక్క నిలుస్తుందా? జో ఫ్రేజియర్ 1971లో అలీని ఓడించినాడు. కెన్ నార్టన్ 1973లో దవడ ఎముక విరుగగొట్టి మరీ ఓడించినాడు. జార్జి ఫోర్‌మన్ ఈ ఇద్దరినీ చెరి రెండు రౌండ్లలో ముగించినాడు. ఫ్రేజియర్‌నైతే ఆరుసార్లు నేలకరిపించినాడు. బలవంతుని గెలిచినవాడు మరింత బలవంతుడనే న్యాయం ప్రకారం, 1974 అక్టోబరు 30న కిన్‌షాసా నగరంలో ఫోర్‌మన్ ఎదుట అలీ నిలువరాదు. నిలిచినాడు. తాళ్ళకు చేరగిలబడి, చేతులు అడ్డుపెట్టుకొని, ఎదుటివాని బలమంతా తన ఒంటిమీదనే ఖర్చు చేయించి, 8వ రౌండులో కూల్చినాడు.

నా పక్షానికి ఆధారం ఈ పోటీయే. 1967లో వియత్నాం యుద్ధానికై సైన్యంలో చేరనన్నందుకు అలీ బిరుదూ పోయినది, 25వ ఏట మొదలై మూడున్నర ఏండ్ల కాలమూ పోయినది. తిరిగి వచ్చునప్పటికి ఆ కాళ్ళ వేగం లేదు. ఉన్న సొత్తు పోగొట్టుకొన్న తరువాత, అప్పటివరకు తనకు అలవాటులేని పద్ధతిలో, తనకంటె బలవంతుని గెలిచిన ఛాంపియన్ మరొకడు నాకు కనబడడు. మార్సియానో సాహసాన్ని తక్కువ చేయను. 1952లో వాల్కాట్‌తో 12 రౌండ్లు వెనుకబడి ఉండి, 13వ రౌండులో ఒక్క కుడిచేతి దెబ్బతో బిరుదు గెలిచినాడు. కాని ఆ వాల్కాట్‌కు 38 ఏండ్లు. మార్సియానో బరువు సుమారు 185 పౌన్లు. ఈనాటి హద్దుల ప్రకారం హెవీవెయిట్ తరగతిలోనికే రాడు.

కాళ్ళలో వేగమున్న 1966 నాటి అలీకీ, యౌవనంలోని జో లూయీకీ పోటీ పెడితే ఏమగునన్నది మాత్రం నన్ను నిలువనీయదు. అలీ ఎడమచేయి దించి, తలను వెనుకకు వంచి తప్పించుకొనేవాడు. ఎడమచేతి కొక్కెపుదెబ్బకు 1963లో హెన్రీ కూపర్ చేతనూ, 1971లో ఫ్రేజియర్ చేతనూ నేలకు ఒరిగినాడు. లూయీ ఎడమచేయి ఆ ఇద్దరి చేతులకు తీసిపోయేది కాదు. అయితే లూయీకి కదిలే ప్రత్యర్థి అంటే ఇబ్బంది. 1941లో తనకంటె ఎంతో తేలికైన బిల్లీ కాన్ 12 రౌండ్లపాటు ఆయనను చుట్టుముట్టి తిప్పలు పెట్టినాడు. గెలుపు చేతికి అందివచ్చిన వేళ, కాన్ పడగొట్టి తీరాలని మీదికి ఎగబడి, 13వ రౌండులో తానే పడిపోయినాడు. అలీ కాన్‌వలె కదలగలడు. బరువులో సుమారు 40 పౌన్లు అధికుడు. 15 రౌండ్ల పోటీ అయితే అలీయే గెలుస్తాడని నా నమ్మకం. కాని గర్వంలో కూడ కాన్‌కు తీసిపోయినవాడు కాడు గనుక, ఆ 13వ రౌండు గడిచేవరకు నేను కుర్చీలో వెనుకకు వాలను.