పాత లాప్‌టాప్‌ను బాగుచేయుటయా, కొత్తది కొనుటయా?

2026 సంక్రాంతి పండుగకు తెనాలిలోని మా అక్కగారింటికి వెళ్ళితిని. భోజనములైన పిమ్మట మా బావగారు రెండు వస్తువులు తెచ్చి బల్లమీద పెట్టిరి. ఒకటి వార్తాపత్రికనుండి కత్తిరించిన లాప్‌టాప్ ప్రకటన. రెండవది ఆ ఇంట పదియేండ్లకు పైగా నలుగుచున్న పాత లాప్‌టాప్.

"ఏమోయ్, చీటీ డబ్బు 35,000 చేతికొచ్చింది. అమ్మాయి బి.ఎస్‌సి. కంప్యూటర్సులో చేరింది గదా. ఈ కొత్తది కొనమంటావా?" అని అడిగిరి.

వంటయింటిలోనుండి మా అక్క, "ఆ డబ్బులోనే హాస్టలు ఫీజు కూడా కట్టాలిరా, అది చూసుకొని చెప్పు" అని హెచ్చరించినది.

మేనకోడలి ఫిర్యాదు వేరు. "మామయ్యా, దీన్ని ఆన్ చేసి స్నానానికి పోయి వచ్చినా తెరమీద ఆ చక్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది" అన్నది.

ఇట్టి ప్రశ్న ఈనాడు మన శ్రోతలలో పెక్కు కుటుంబములయెదుట నిలిచియున్నది. కావున మా బావగారికి నేను చెప్పిన మాటలనే కొంత విస్తరించి మీతో మనవి చేయుదును.

మొదట రోగమెక్కడనున్నదో కనుగొనవలెను. ఆ లాప్‌టాప్‌లోని ప్రాసెసర్ 2015 నాటి ఇంటెల్ కోర్ ఐ5-5200యు. ర్యామ్ 4 గిగాబైట్లు. హార్డ్ డిస్కు 500 గిగాబైట్లు. విండోసులోని టాస్క్ మేనేజరును తెరచి చూడగా ప్రాసెసర్ సుఖముగా కూర్చుండియున్నది; డిస్కు మాత్రము నూటికి నూరు పాళ్ళు శ్రమించుచున్నది. అనగా మెదడునకు లోపము లేదు. మెదడు అడిగిన కాగితమును బీరువానుండి తెచ్చి ఇచ్చు జవాను మెల్లగా నడచుచున్నాడు.

హార్డ్ డిస్కు గ్రామఫోను వంటిది. లోపలి పళ్ళెము నిమిషమునకు 5,400 సార్లు తిరుగుచుండును. దానిపై సన్నని చేయి ఒకటి లోపలికిని బయటికిని కదలుచు కావలసిన గీతను వెదకుకొనును. ఒక్కొక్క వెదకులాటకు సెకనులో నూరవవంతో, అంతకంటె కొంచెమెక్కువయో పట్టును. అది మనకు స్వల్పముగా తోచును. కాని విండోసు లేచి నిలుచుటకు వేలకొలది చిన్న చిన్న ఫైళ్ళను చదువుకొనవలెను గదా! ఎస్.ఎస్.డి. అను కొత్తరకపు నిల్వసాధనములో కదలు భాగమేదియు లేదు, అంతయు చిప్పులే. దానిలో వెదకులాటకు సెకనులో పదివేలవవంతు చాలును. పెద్ద ఫైళ్ళను చదువుటలోకూడ పాత డిస్కు సెకనుకు సుమారు 100 మెగాబైట్లు అందించినచో, పాత యంత్రములకు సరిపడు సాటా రకపు ఎస్.ఎస్.డి. 500 మెగాబైట్లను మించి అందించును.

నాకిది పుస్తకజ్ఞానము కాదు. 2022లో సికింద్రాబాదు పార్కులేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు పోయి 240 గిగాబైట్ల ఎస్.ఎస్.డి.ని రెండువేల రూపాయలకు కొని, మా ఇంటి పాత యంత్రములో వేయించితిని. మూడు నాలుగు నిమిషములకు లేచెడి యంత్రము అర నిమిషములోపల లేచి కూర్చున్నది. మీరు వినుచున్న ఈ ప్రసంగమును నేను వ్రాసినది దానిమీదనే.

అయితే డిస్కును మార్చుటకు ముందు అందులోని ఫొటోలను, కాగితములను వేరొకచోట నకలు చేసికొనుట మరువరాదు. ఈ పని తరువాత చూచుకొందమని వాయిదా వేసి పెండ్లి ఫొటోలను పోగొట్టుకొన్న ఇండ్లు నేనెరుగుదును. తీసివేసిన పాత డిస్కును పారవేయనక్కరలేదు. తక్కువ వెలకు దొరకు చిన్న పెట్టెలో దానిని అమర్చి యు.ఎస్.బి. తీగతో తగిలించుకొన్నచో నిల్వకు ఉపయోగించును.

రెండవది ర్యామ్. నేటి వెబ్ బ్రౌజర్లకు 4 గిగాబైట్లు ఇరుకు. 8 ఉన్న నడచును, 16 ఉన్న హాయి. ఇచ్చట ఒక సంగతి. వెనుకటి రేడియో సెట్టులో వాల్వు పోయినచో దానిని పీకి, అదే గూటిలో మరియొక దానిని పెట్టెడివారము. పదియేండ్లనాటి లాప్‌టాప్‌లలో పెక్కింటికి ఇదే ఏర్పాటు. నేటి పలుచని యంత్రములలో అనేకము ర్యామ్‌ను మదర్‌బోర్డుకే టంకముపెట్టి అతికించుచున్నవి. అట్టివానిలో కొన్ననాటి ర్యామే కడదాక. కనుక పాతదానిని విప్పించునప్పుడు ఖాళీ గూడు కలదా యని చూడుడు. గూడున్నను ఏ తరమో తెలిసికొనుడు. డీడీఆర్3 పలకకును డీడీఆర్4 పలకకును గాటు వేరువేరు తావుల నుండును; ఒకదాని గూటిలో మరియొకటి దిగదు. డీడీఆర్3లోనే 1.5 వోల్టులది ఒకటి, 1.35 వోల్టులతో నడచు ‘ఎల్’ రకమొకటి. మా బావగారి యంత్రము తరమువారికి ‘ఎల్’ రకము కావలెను. 2025 చివరి నెలలలో మెమొరీ చిప్పుల ధరలు బాగుగా పెరిగినవి. కావున కొనుటకు ముందు రెండు మూడు దుకాణములలో వాకబు చేయుట మేలు.

బ్యాటరీని గూర్చి ఒక్క మాట. మూడు నాలుగు వందల సార్లు నిండి తరిగిన పిమ్మట దాని సత్తువ తగ్గుట సహజము. అది లోపము కాదు, వార్ధక్యము. కాని బ్యాటరీ ఉబ్బి, కీబోర్డునో క్రింది రేకునో పైకి నెట్టుచున్నయెడల దానిని నొక్కి సరిచేయబూనవలదు. వెంటనే వాడుక మాని తెలిసినవానిచే తీయింపవలెను. ఉబ్బిన లిథియం బ్యాటరీ గుచ్చుకొన్నచో నిప్పంటుకొనును.

ఇక విండోసు చిక్కు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ భద్రతాసవరణలను నిలిపివేసినది. విండోస్ 11కు ఇంటెల్ ప్రాసెసర్ ఎనిమిదవ తరమునకు తక్కువ కారాదు, టీపీఎం 2.0 అను భద్రతా ఏర్పాటుకూడ ఉండవలెను. ఐ5-5200యు ఐదవ తరము. దొడ్డిదారిన ఎక్కించు ఉపాయములు కలవు గాని, చదువుకొను పిల్లకు నేను వానిని సిఫార్సు చేయను. లినక్స్ మింట్, ఉబుంటు వంటి ఉచిత వ్యవస్థలు ఇట్టి యంత్రములమీద చక్కగా నడచును. తెలుగు ఇన్‌స్క్రిప్టు కీబోర్డు వానిలోనే యున్నది. సి, పైథాన్ భాషల అభ్యాసమునకు లోటు లేదు. కాని ట్యాలీలో లెక్కలు వ్రాయువారికిని, విండోసు తప్ప వేరొకటి ఒప్పని పరీక్షా సాఫ్ట్‌వేరు వాడవలసినవారికిని ఈ సలహా పనికిరాదు. కావున ముందు కాలేజీలో అడిగి రమ్మని మేనకోడలికి చెప్పితిని.

మడతబందులు విరిగి, తెర చారలు పడి, మదర్‌బోర్డు మొరాయించుచున్న యంత్రమునకు ఈ వైద్యమేదియు తగదు. మరమ్మతు ఖర్చు కొత్తదాని వెలలో మూడవవంతు దాటునని తోచినచో నేనైతే ఆగిపోవుదును.

అప్పుడు కొత్తదే కొనవలెను. కాని ఎట్టిది? ఈ విషయమున నా తెలివితక్కువను దాచను. 2020లో పిల్లల తరగతులన్నియు ఇంటనే జరుగుచున్న దినములలో, అందరికంటె చౌకయని ఒక లాప్‌టాప్‌ను మా అమ్మాయికి కొని ఇచ్చితిని. చూపునకు నాజూకైనది. 4 గిగాబైట్ల ర్యామ్, ఈఎంఎంసీ అను 64 గిగాబైట్ల నిల్వ, రెండును బోర్డుకతికించినవే. పైన పటారము, లోన లొటారము! ఏడాది తిరుగకముందే విండోసు తన సవరణలతోనే ఆ గదిని నింపివేసినది. ఒకనాడు మా అమ్మాయి పరీక్ష జవాబులను పంపబోవుచుండగా స్థలము లేదని తెర తెలిపినది. గడువు గడచినది, పిల్ల ఏడ్చినది. ఆ యంత్రములో మార్చుటకు వీలైనదేదియు లేకపోయెను. అందుచేతనే, ఎంత చౌకగా వచ్చినను 64 గిగాబైట్ల ఈఎంఎంసీని కొనవలదని నేను గట్టిగా చెప్పుదును. 256 గిగాబైట్ల ఎస్.ఎస్.డి. కనీసము, 512 దొరికిన మంచిదే.

ప్రాసెసర్ పేర్లలో మాయ యున్నది. ఐ5 అనగా ఐ3 కంటె ఎప్పుడును గొప్పదని జనులనుకొందురు. 2015 నాటి ఐ5-5200యులో రెండు కోర్లు మాత్రమే. 2022లో వచ్చిన ఐ3-1215యులో ఆరు. గీత తరువాతి అంకెలు తరమును తెలుపును. ఐ3, ఐ5 అనునవి ఆ తరములోని తరగతిని మాత్రమే తెలుపును. ఏ.ఎం.డి. వారి రైజెన్ 3 7320యును చూడుడు. మొదటి 7ను చూచి కొత్తదని మురియుదుము. కాని లోపలి నిర్మాణమును తెలుపునది మూడవ అంకె. అది 2, అనగా 2019లో మొదలైన జెన్ 2. పాఠములకు, పత్రములకు అది చాలునుగాని, కొత్తదాని ధర పెట్టి పాతదానిని కొనుచున్నామన్న తెలివి మనకుండవలెను.

తెరను గూర్చి తెలుగువారికి ప్రత్యేకముగా చెప్పవలసినదున్నది. 15.6 అంగుళముల తెరలో 1366 అడ్డము 768 నిలువు చుక్కలున్నచో అంగుళమునకు నూరు చుక్కలు వచ్చును. 1920 అడ్డము 1080 ఉన్నచో నూటనలుబదియొకటి. ఇంగ్లీషు అక్షరము రెండింటను చదువవచ్చును. మన ఒత్తులు, వట్రసుడులు, గుడులు మొదటిదానిలో అలుకుకొనిపోవును. ‘వ’కును ‘ప’కును భేదము కనుటకు కన్నులు చిట్లింపవలెను. తెలుగు చదువదలచినవారు రెండవదానినే కోరవలెను. దుకాణములో ఒక తెలుగు పుటను తెరిపించి, ప్రక్కనుండియు చూచి, అటుపిమ్మటనే డబ్బిచ్చుట మంచిది.

కంపెనీలు మూడు నాలుగేండ్లు వాడి అమ్మివేసిన యంత్రములు, పునరుద్ధరించినవని, కొత్తవాని ధరలో సగమునకే దొరకును. మంచివికూడ కలవు, వాని కీబోర్డులు, మడతబందులు చౌక కొత్తవానికంటె గట్టివి. ఎనిమిదవ తరమో, అటుపైదో అగునా? పాత యజమాని పెట్టిన తాళపుమాట బయోసులో మిగిలియున్నదా? బ్యాటరీ నిండు సత్తువ ఎంతకు దిగినది? ఈ మూడు అడిగి, రశీదును, వారంటీని కాగితముమీద తీసికొనవలెను.

పండుగ మరునాడు కాలేజీ అధ్యాపకులతో మేనకోడలు మాటాడినది. మొదటి సంవత్సరమునకు సి, పైథాన్ చాలుననియు, పరీక్షలు కాలేజీ లాబరేటరీలోనే యనియు వారు చెప్పిరట. ఇంకేమి? ఎస్.ఎస్.డి., ఖాళీ గూటిలో 8 గిగాబైట్ల ర్యామ్, కొత్త బ్యాటరీ, లినక్స్ మింట్. ఇంతయు చీటీ డబ్బులో ఐదవవంతు లోపల ముగిసినది. హాస్టలు ఫీజు అక్క చేతిలో పడినది. మిగిలినది పోస్టాఫీసులో వేసితిమనియు, మూడవ సంవత్సరమునాటికి కొత్తది కావలసివచ్చినచో అప్పుడు చూతమనియు బావగారు చెప్పిరి.

పదిరోజులకు మేనకోడలు ఫోను చేసినది. యంత్రమెట్లున్నదని అడిగితిని.

"బాగుంది మామయ్యా. కాని ఇప్పుడు అది లేచేలోపల స్నానానికి పోవడానికే వీల్లేకుండా పోయింది" అన్నది.