గల్లీ పచ్చదనానికి నగర నిధులు

1908లో హైదరాబాద్ మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ చింతచెట్టు కొమ్మలెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. చెట్టు విలువ పాతబస్తీకి వేరే చెప్పాలా?

2020లో సవరించిన గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ) చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలంది. ప్రతి వార్డులో యువకులకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖ పౌరులకు వేర్వేరుగా నాలుగు కమిటీలు ఉండాలంది.

శాలిబండ, యాకుత్‌పురా గల్లీల్లో చోటు తక్కువ. అందుకే మొక్కలకు బడి ఆవరణ, గుడి, దర్గా ప్రాంగణం, ఖాళీగా ఉన్న ప్రభుత్వ స్థలం చూడండి. ఏ మొక్కలు నాటాలి, నీళ్లెవరు పోస్తారు, ఖర్చెంత అన్నది కాగితం మీద రాయండి. బస్తీవాసుల సంతకాలతో జీహెచ్‌ఎంసీ సర్కిల్ కార్యాలయంలో ఇచ్చి, రసీదు తీసుకోండి. పచ్చదనానికి కేటాయించే నిధులు మనం కట్టిన పన్నుల డబ్బే. అడిగి మన గల్లీకి తెచ్చుకుందాం, నాటిన ప్రతి మొక్కనూ బతికించుకుందాం.