సరిహద్దులు మారినను ఆటస్థలము నిలువవలెను



2022 ఏప్రిల్ 4వ తేదీన మన కృష్ణా జిల్లా విభజింపబడినది. విజయవాడ ఎన్.టి.ఆర్. జిల్లాకును, మచిలీపట్నము కృష్ణా జిల్లాకును కేంద్రములైనవి. మచిలీపట్నము, గుడివాడ డివిజనులకు తోడు ఉయ్యూరు డివిజను క్రొత్తగా ఏర్పడినది. విజయవాడ నానుకొని పెరుగుచున్న కానూరు, పోరంకి ప్రాంతములు కృష్ణా జిల్లాలోనే నిలిచినవి.

దీనికిని మన పిల్లల ఆటలకును సంబంధమేమని అడుగవచ్చును. పాఠశాలల పోటీలు మండలము నుండి జిల్లాకు, జిల్లా నుండి రాష్ట్రమునకు సాగును. కావున సరిహద్దు మారినప్పుడెల్ల ఎవరు ఎవరితో తలపడవలెనను ప్రశ్న పుట్టును. నగర శివారున వందలాది విద్యార్థులున్న పాఠశాలకు జట్టును కూర్చుట సులభము. దివిసీమలో నాగాయలంక, కోడూరు వైపు చిన్న బడికి కబడ్డీకి ఏడుగురు దొరకుటయే కష్టము.

అమెరికాలో పలు రాష్ట్రములందు విద్యార్థుల సంఖ్యను బట్టి ఉన్నత పాఠశాలలను వర్గములుగా విభజించి, సంఖ్య మారినపుడు తిరిగి సర్దుదురు. మన పోటీలలో విభజన 14, 17, 19 ఏండ్ల వయస్సును బట్టియే గాని బడి పరిమాణమును బట్టి కాదు.

అందువలన చిన్న బడికి అండ పంచాయతీయే. సరిహద్దులు గీయుట మన చేతిలో లేదు. ఆటస్థలమును కాపాడుట మన చేతిలో నున్నది. దానిని ఆక్రమణకు గురి కానీయకుందము. వాన నీరు నిలువకుండ మెరక చేయింతము. ఎంపికల దినమున బాలికలను పెద్దల తోడుతో పంపుదము. బస్సు ఛార్జీ లేక ఇంట నిలిచిన పిల్ల ఓడిపోలేదు, అసలు ఆడనే లేదు. మన గ్రామమున అట్టి లోటు రానీయకుందము.