టచ్‌స్క్రీన్ వచ్చినా లైన్ క్లియర్ మారదు

సబ్‌స్టేషన్లలో టచ్‌స్క్రీన్ల గురించి మూడు సంగతులు చెప్తానని ఒప్పుకున్నాను: రంగులు, అలారాలు, లైన్ క్లియర్. మొదటి రెండూ త్వరగా ముగిస్తాను. మన ప్యానెళ్ల మీద ఎర్రదీపం వెలిగితే బ్రేకర్ వేసి ఉన్నట్టు, పచ్చదీపమైతే తీసి ఉన్నట్టు. ఫోన్ల అలవాటుకొద్దీ తెర మీద 'ఆన్'కు పచ్చరంగు పెడితే ప్రమాదాన్ని పిలిచినట్టే. ఇక అలారాలు. 2003 ఆగస్టు 14న అమెరికా, కెనడాల్లో దాదాపు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. దానికి ముందే ఒహాయోలోని ఒక కంట్రోల్ రూములో అలారం సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది. ఆ సంగతి గంటకు పైగా ఆపరేటర్లకు తెలియలేదు. అలారం మోగనంత మాత్రాన లైను క్షేమమని కాదు.

అసలు సంగతి లైన్ క్లియర్ (ఎల్సీ), అంటే లైను ఆపాం, పని చేసుకోవచ్చని సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి. పాత ప్యానెల్‌లో ఎల్సీ ఇచ్చే ఆపరేటర్ బ్రేకర్ తీసి, హ్యాండిల్‌కు 'మనుషులు పనిచేస్తున్నారు' అన్న బోర్డు తగిలించి, రిజిస్టర్లో లైన్‌మన్ పేరు, టైము రాస్తాడు. షిఫ్ట్ మారినా, ఆ బోర్డు తియ్యకుండా హ్యాండిల్ మీద చెయ్యి పడదు. నున్నటి గాజు మీద బోర్డెక్కడ తగిలిస్తాం? తెర మీద ట్యాగ్ పెడితే క్లోజ్ కమాండ్ వెళ్లదంటారు. మంచి ఏర్పాటే. కానీ అది ఆపేది కమాండునే. రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల గట్ల మీది జనరేటర్ నుంచి వెనక్కి వచ్చే కరెంటును ఏ ట్యాగూ ఆపదు. పైగా తెర మీద కనిపించేది బ్రేకర్ కాదు, దాని ఆక్సిలరీ కాంటాక్టు పంపిన కబురు. బాపట్ల సముద్రపు ఉప్పుగాలికి ఆ కాంటాక్టు తుప్పు పడితే కబురూ తప్పుతుంది.

అయితే పాతదే మేలా అంటారేమో. కాదు. ఏ ఫీడర్ ఎప్పుడు, ఎంత ఫాల్ట్ కరెంటుతో ట్రిప్పయిందో తెర క్షణంలో చెప్తుంది. బ్రేకర్‌కు దూరంగా నిలబడి ఆపరేట్ చేయిస్తుంది. అయినా 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో ఏం జరిగింది? చొరబాటుదారులు ఆపరేటర్ల కళ్ల ముందే తెర మీద కర్సర్ కదిపి బ్రేకర్లు తీసేశారు. సుమారు 2,25,000 మంది వినియోగదారులు చీకట్లో పడ్డారు. సిబ్బంది సబ్‌స్టేషన్లకు వెళ్లి చేత్తో బ్రేకర్లు వేస్తేనే కొన్ని గంటల్లో కరెంటు తిరిగొచ్చింది. ఆ చేతి పని ఇప్పుడు కొత్తవాళ్లకు ఎవరు నేర్పుతున్నారు?

కనుక నా మనవి ఒకటే. తెరలు కొనండి, హ్యాండిళ్లు మాత్రం పీకెయ్యకండి. తెర ఏం చూపించినా సరే, ఏబీ స్విచ్ బ్లేడ్లు తెరుచుకోవడం కళ్లారా చూసి, లైను టెస్టు చేసి, ఎర్త్ రాడ్లు వేశాకే మనిషిని స్తంభం ఎక్కించండి.