నీటి దగ్గర మొదలైన యాత్ర

(సంఘం నెలసరి సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



బక్రీదుకు మా ఇంటికి వచ్చే మిత్రులు ప్రతి ఏడూ ఒక మాట అడుగుతుంటారు. "మక్కాలో ఏముందని అన్ని లక్షల మంది పోతారు? ఆ యాత్ర ఎట్లా మొదలైంది?" అని. ఆ జవాబు ఈసారి సభలోనే చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నేను మౌలానాను కాను. ముప్పైమూడేళ్లు కాలువ లెక్కలు రాసిన గుమాస్తాను. అందుచేత నీళ్ల గుమాస్తాకు అర్థమైనంత వరకే చెబుతాను. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

వర్ని దగ్గరి బడాపహాడ్ గుట్ట ఎక్కని వారు ఈ సభలో తక్కువే. హిందువులూ ముస్లిములూ కలిసి మెట్లెక్కి, మొక్కులు తీర్చుకుని, కందూరు చేసుకుని వస్తారు. అది ఒక మహనీయుని సమాధి దర్శనం. ఎవరి భక్తి కొద్దీ వారు పోతారు. హజ్ సంగతి వేరు. ఆరోగ్యమూ, దారి ఖర్చూ, ఇంట్లో వాళ్లకు తిండీ సమకూరిన ముస్లిముకు జీవితంలో ఒక్కసారి అది విధి. ఇక కాబా లోపల విగ్రహం లేదు, సమాధి లేదు. మూడు స్తంభాలు, వేలాడే దీపాలు, అంతే. మరి దాని కథ ఎక్కడ మొదలైంది?

కొన్ని కథనాల ప్రకారం ఆ ఇంటిని మొదట కట్టింది ఆదం ప్రవక్తే. నూహ్ ప్రవక్త కాలపు జలప్రళయంలో అది కనబడకుండా పోయిందంటారు. అందరికీ తెలిసిన కథ మాత్రం ఇబ్రాహీం ప్రవక్తది. ఆయన తన భార్య హాజిరాను, పాలు తాగే కొడుకు ఇస్మాయీల్‌ను పైరు పచ్చ లేని లోయలో దించి, ఒక సంచీలో ఖర్జూరాలు, ఒక తోలుతిత్తిలో నీళ్లు ఇచ్చి వెనుదిరిగాడు. ఆమె వెంటపడి, మమ్మల్ని ఎవరికి వదిలి పోతున్నావని అడిగింది. ఆయన పలకలేదు. ఇది దేవుని ఆజ్ఞా అని అడిగితే, అవునన్నాడు. అయితే ఆయనే చూసుకుంటాడని ఆమె వెనక్కి వచ్చేసింది.

తిత్తిలో నీళ్లు అయిపోయాయి. పిల్లవాడు దాహంతో కాళ్లు కొట్టుకుంటున్నాడు. ఆ తల్లి సఫా గుట్ట ఎక్కి చూసింది, మనిషి లేడు. దిగి పరుగెత్తి మర్వా గుట్ట ఎక్కింది, అక్కడా లేడు. అట్లా ఏడుసార్లు తిరిగింది. చివరకు పిల్లవాడి దగ్గర దైవదూత జిబ్రీల్ నేలను తాకితే నీరు ఉబికింది. అదే జమ్‌జమ్.

ఇక్కడ నాలాంటి వాడికి పట్టే ముక్క ఒకటి ఉంది. నీరు ఉబకగానే ఆమె ముందు చేతులతో మట్టి పోగు చేసి చుట్టూ గట్టు కట్టింది, తర్వాత తిత్తి నింపుకుంది. ఆమె కట్టకుండా వదిలి ఉంటే అది పారే వాగయ్యేదని ప్రవక్త ముహమ్మద్ అన్నట్టు బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. ఆత్రపడి గట్టు కట్టిన ఆ తల్లిని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. ఎండిన నేల మీద నీళ్లు చూసిన ఏ రైతయినా మొదట చేసే పని అదే కదా!

తరువాతి ముక్క ఇంకా గొప్పది. యెమెన్ వైపు నుంచి వస్తున్న జుర్‌హుమ్ తెగ వారు ఆకాశంలో పక్షి తిరుగుతుంటే చూసి, ఇక్కడ నీళ్లున్నాయని పసిగట్టారు. వచ్చి చూస్తే నీటి దగ్గర ఒంటరి ఆడమనిషి, చంకలో పిల్లవాడు. వాళ్లు తలుచుకుంటే ఆమెను పక్కకు నెట్టలేరా? నెట్టలేదు. మేము ఇక్కడ దిగవచ్చునా అని అడిగారు. ఆమె సరేనన్నది, కానీ నీటి మీద హక్కు మాత్రం మీకు లేదన్నది. వాళ్లు ఒప్పుకున్నారు. కాబా గోడలు లేవకముందే, మక్కా ఊరు పుట్టకముందే, అక్కడ కుదిరిన మొదటి ఒడంబడిక నీటి ఒడంబడిక. బలమున్న వాళ్లు బలంలేని మనిషి హక్కును ఒప్పుకున్న ఒడంబడిక.

మన ప్రాంతం వారికి ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. 1923లో మొదలుపెట్టి 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తిచేశారు. 2,75,000 ఎకరాల లక్ష్యం. ఆ కాలువ వచ్చిన తర్వాతే బోధన్‌లో చెరకు, శక్కర్‌నగర్‌లో మిల్లు. ఆ నీళ్లు చూసి కోస్తా జిల్లాల రైతులు వచ్చి క్యాంపులు వేసుకున్నారు. మిల్లు 2015లో మూతబడింది గాని, నీటి వెంట మనిషి వస్తాడు, మనిషి వెంట ఊరు వస్తుంది అన్నది మనం కళ్లారా చూసినదే.

ఇస్మాయీల్ ఆ జుర్‌హుమ్ వారిలోనే పెరిగి, వారి పిల్లనే చేసుకున్నాడు. తర్వాత ఇబ్రాహీం తిరిగివచ్చి, తండ్రీ కొడుకులు కలిసి కాబా గోడలు లేపారు. కొడుకు రాళ్లు అందిస్తుంటే తండ్రి పేర్చాడు. ఆయన నిలబడిన రాయే మఖామె ఇబ్రాహీం అంటారు. ఇల్లు పూర్తయ్యాక, యాత్రకు రమ్మని మనుషులను పిలవమని ఇబ్రాహీంకు ఆజ్ఞ అయిందని ఖుర్‌ఆన్ చెబుతుంది. హాజీలు పలికే లబ్బైక్ ఆ పిలుపుకు జవాబు.

ఇదే కథ బైబిలులో మరోవిధంగా ఉంది. అందులో హాగరు తిరిగిన అడవి బెయేర్షెబా. బలికి తీసుకుపోయిన కొడుకు ఇస్సాకు. ముస్లిములలో ఎక్కువమంది ఆ కొడుకు ఇస్మాయీల్ అని నమ్ముతారు గాని, తొలినాటి వ్యాఖ్యాతలలో ఇస్‌హాఖ్ అన్నవారూ ఉన్నారు. తల్లి దాహం, దొరికిన నీరు మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

తర్వాత జుర్‌హుమ్ వారు మక్కా విడిచిపోతూ జమ్‌జమ్‌ను పూడ్చిపోయారట. ఎన్నో తరాలకు ప్రవక్తగారి తాత అబ్దుల్ ముత్తలిబ్ కల కని మళ్లీ తవ్వించారు. కాబాలో చేరిన విగ్రహాలను 630లో ప్రవక్త తీయించి, 632లో చివరి హజ్ చేసి పద్ధతి చూపారు. ఈ యాత్రలో మీనాలో రాళ్లు వేయడం ఇబ్రాహీం సైతానును తరిమిన గుర్తు. బక్రీదు ఖుర్బానీ ఆయన త్యాగానికి గుర్తు. సఫా, మర్వాల మధ్య ఏడుసార్లు నడిచే సయీ హాజిరాకు గుర్తు. ఒక వైపు దాదాపు 450 మీటర్లు, మొత్తం మూడు కిలోమీటర్ల పైనే. ఆమె ఈజిప్టు నుంచి వచ్చిన దాసి అని కథనం. రాజయినా, గుమాస్తా అయినా ఆ దాసి అడుగుల్లోనే నడవాలి.

మన జిల్లా వారు పూర్వం బొంబాయి వెళ్లి ఓడ ఎక్కేవారు. 1995తో ఆ ఓడలు ఆగిపోయాయి. పాత హైదరాబాద్ రాష్ట్రపు జిల్లాల వారికి మక్కాలో నిజాముల నాటి రుబాత్ ఉంది. చీటీలు తీసి, పేరు వచ్చిన వారికి ఉచితంగా బస ఇచ్చేవారు. నేను 2011లో శంషాబాద్ నుంచి విమానంలో పోయాను.

ఇప్పుడు నా సొంత మాట ఒకటి. హజ్‌కు పోయే ముందు అప్పులు తీర్చాలి, ఎవరి హక్కయినా తిన్నట్టయితే వారినే కలిసి మాఫీ అడగాలి. దేవుని పట్ల తప్పును దేవుడు మన్నిస్తాడు, మనిషి హక్కును ఆ మనిషే మన్నించాలి అంటారు. అందుకే మన దగ్గర హాజీ ఇల్లిల్లూ తిరిగి "కహా సునా మాఫ్" అని చెప్పుకుంటాడు. నేనూ తిరిగాను. బంధువులు, స్నేహితులు నవ్వుతూ మాఫ్ అన్నారు. కానీ పోవలసిన ఇల్లు ఒకటి మిగిలింది.

1980లలో ఒక కరువు ఏడు. కాలువ పేరు చెప్పను. చివరి తూము కింద భర్త పోయిన ఒక ఆమెకు రెండెకరాల వరి. రాత్రి వంతు ఆమెది. పైన పలుకుబడి గల ఒక ఆసామి చెరకుకు ఆ నీళ్లు మళ్లింది. నేను మాత్రం రిజిస్టరులో ఆమె వంతు ఇచ్చినట్టే రాసి సంతకం పెట్టాను. డబ్బు తీసుకోలేదు, భయపడ్డాను. ఆమె ఆఫీసుకు వచ్చి అడిగితే రిజిస్టరు తీసి చూపించాను. ఆమెకు చదువు రాదు. పొలం ఎండింది.

పాతికేళ్ల తర్వాత ఆమె గడప ముందు నిలబడి అంతా చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. "గిన్నేండ్లకు యాదికొచ్చిందా సారూ?" అన్నది. కాసేపటికి, "నువ్వు పొయ్యే కాడ నీళ్లుంటయా?" అని అడిగింది. ఉంటాయమ్మా, ఒక బావి ఉన్నది, దాని కోసం ఒక తల్లి పరుగెత్తింది అని ఈ కథే చెప్పాను. శ్రద్ధగా విన్నది. "ఆమె మాట ఇన్నరు గదా, ఆళ్లు మంచోళ్లు" అన్నది. అంతే, మాఫ్ అన్న మాట అనలేదు.

ఆ ఏడు సయీలో నా కాళ్లకు బరువు తెలిసింది. తిరిగి వచ్చి జమ్‌జమ్ నీళ్ల సీసా ఒకటి ఆమెకు ఇచ్చాను. రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకున్నది. మాఫీ దొరికిందో లేదో నేను చెప్పలేను. అడగటానికి ఇంకా ఆలస్యం చేయలేదన్నదొక్కటే నాకు మిగిలిన తృప్తి.

మిత్రులారా, మనమందరం ఏదో ఒక రిజిస్టరులో సంతకాలు పెట్టిన వాళ్లమే. పింఛను కాగితాలు సరిచూసుకున్నట్టే ఆ సంతకాలనూ ఒకసారి గుర్తుచేసుకుందాం. ఏ క్షేత్రానికి పోయేవారైనా సరే, దారిలో అట్లాంటి గడప ఒకటి ఉంటే ముందు అక్కడ ఆగి పొండి. ఆ గడపలోని మనిషి ఉండగానే పొండి.